పొగకి ముందు, పొగకి తరవాత

షెడ్డు వెనక గది,
గ్రైండరు చల్లారాక

ఆడపడుచు గారికి,

ఉత్తరమేమిటి, వదిన ఫోను పోయిందా అనుకుంటావు. ఫోను బాగానే ఉంది. నీతో మాట్లాడితే మీ అన్న స్పీకరు పెట్టమంటాడు. పెట్టాక నాకంటే ఎక్కువ తనే మాట్లాడతాడు. అందుకని కాగితం. దీనికి స్పీకరు లేదు.

మొన్న రేడియోలో నీ మాటలు విన్నాం. మీ అన్న షెడ్డులో మెషీన్లన్నీ ఆపించి పనివాళ్లని చుట్టూ కూర్చోబెట్టాడు. నువ్వు "ఊపిరితిత్తుల కణాలు" అన్నప్పుడల్లా అందరివైపూ ఒకసారి చూస్తాడు, ఆ కణాలేవో తనే వెల్డింగ్ చేసి నీకు పంపినట్టు. "ఆక్సీకరణ వల్ల కణాలకి దెబ్బ తగులుతుంది, యాంటీఆక్సిడెంట్లు ఆ దెబ్బని కాచుకుంటాయి" అన్నావు. తరవాత "అయితే" అని ఇంకేదో మొదలుపెట్టావు. అప్పటికే చప్పట్లు. ఏమీ వినపడలేదు.

ఇక అసలు సంగతి. మీ అన్నకి దగ్గు. వానలు వెళ్లిపోయినా అది వెళ్లలేదు. డాక్టరు స్కాను తీయించి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న మచ్చ ఉందన్నాడు. అదేమిటో ఇప్పుడే చెప్పలేం, మూడు నెలలాగి మళ్లీ స్కాను తీద్దాం, కాదు తొందరగా తేలాలంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం, మీ ఇష్టం అన్నాడు. ఆగుదామనుకున్నాం. సూది పేరు వింటేనే కాళ్లు వణికే వంశం మీది.

ఆ మూడు నెలలూ చేతులు ముడుచుకుని కూర్చోవడమెందుకని నేనే మందుల షాపుకెళ్లి యాంటీఆక్సిడెంట్ గోళీలు తెచ్చాను. సీసా మీద పండూ, ఆకూ, పక్కనే నవ్వుతున్న ఊపిరితిత్తులూ ఉన్నాయి. రోజుకొకటి అని రాశారు. రెండు వేస్తే తొందరగా పనిచేస్తాయా?

ఈ సంగతి మీ అన్న దగ్గర ఎత్తకు. ఎత్తావంటే లేచి వెళ్లి వెల్డింగ్ రాడ్డు అంటిస్తాడు. ఆ చప్పుడులో ఇక ఎవరేం చెప్పినా ఒకటే.

మందివ్వని డాక్టరమ్మవే అయినా మాకున్నది నువ్వే. జవాబు రాయి.

మీ వదిన


ప్రయోగశాల,
ఇంక్యుబేటరు పక్క బల్ల

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వలేదు.

ముందు నా పనేమిటో చెప్తాను, నా జవాబు ఎంతవరకు నమ్మవచ్చో నీకే తెలుస్తుంది. మీ షెడ్డులో ఇనుముకి గాలి పట్టించేది తుప్పు. ఊపిరితిత్తికి పొగ చేసేదీ ఆ జాతి పనే. వెల్డింగ్ పొగలో ఉండే లోహపు నలుసులు కణంలో దూరి, మనల్ని బతికించే ఆక్సిజన్‌నే ఆకతాయిగా మార్చేస్తాయి. అది కనపడినదాన్నల్లా కొరుకుతుంది. కణం గోడనీ, లోపలి జన్యువుల్నీ కూడా. దీన్ని కాచుకోవడానికి ప్రతి కణానికీ సొంత కాపలా ఉంది. ఊపిరితిత్తి లోపలి తడిలో ఆ కాపలా పదార్థాలు దండిగా ఉంటాయి. పొగ మరీ ఎక్కువైతే అవీ అలిసిపోతాయి. నేనేం చేస్తానంటే, ఫ్లాస్కులో పెంచిన కణాలకి ముందు యాంటీఆక్సిడెంట్ ఇచ్చి, తరవాత వడకట్టి తెచ్చిన వెల్డింగ్ పొగ నలుసుల్ని పోస్తాను. ఇచ్చినవి ఎక్కువ బతుకుతాయి, ఇవ్వనివి తక్కువ. రేడియోలో చెప్పింది ఇంతే.

మీ చప్పట్లలో పోయిన "అయితే" ఇది. పొగతాగే మనుషులు వేలమందికి బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంటుని ఏళ్ల తరబడి పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుతుందనుకున్నారు. పెరిగింది. పళ్లలోనూ కూరల్లోనూ ఉన్నప్పుడు ఏ గొడవా లేనిది, గోళీలో కూరి ఇస్తే ఎందుకిలా చేసిందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అన్నయ్య సిగరెట్టు మానలేదు కదా. అతనికి ఆ గోళీలు ఒకటీ వద్దు, రెండూ వద్దు. పళ్లు ఎన్నయినా తిననీ.

మూడు నెలలు ఆగడం గురించి నాకు రెండు మనసులుగా ఉంది. ముక్క తీయించడమే మంచిదనిపిస్తోంది. "అనిపిస్తోంది" అన్న మాట కొట్టేసి గట్టిగా రాద్దామనుకున్నాను. కానీ నేను మనుషుల డాక్టర్ని కాదు వదినా, ఫ్లాస్కుల డాక్టర్ని. అందుకని ఆ మాట ఉండనిచ్చాను.

అన్నయ్యతో మాట్లాడకుండా ఉండటం నాకు కష్టంగా ఉంది. అయినా నువ్వన్నావు కాబట్టి ఉంటాను.

నీ మరదలు


షెడ్డు వెనక గది,
ప్రైమరు ఆరే లోపల

ఆడపడుచు గారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. "ఒకటీ వద్దు, రెండూ వద్దు" అన్న చోట అచ్చం మీ అన్న గొంతే వినపడింది.

నీకొక శుభవార్త. మీ అన్న సిగరెట్లు మానేశాడు. నీ పేరు వాడుకున్నాను, ఏమనుకోకు.

"మీ చెల్లెలు మైక్రోస్కోపులో చూసిందట" అన్నాను.

"ఏం చూసింది?"

"నిన్ను."

అంతే, పెట్టె విసిరేశాడు. ఇప్పుడు రోజంతా నోట్లో అగ్గిపుల్ల పెట్టుకుని తిరుగుతున్నాడు. షెడ్డులో ఎవరి నిప్పురవ్వ తగిలి అది వెలుగుతుందోనని నా దిగులు.

పనికి మాత్రం ఊపిరి సలపడం లేదు. స్కూలు వాళ్లు గేట్లూ, కిటికీ ఊచలూ అన్నీ మాకే ఇచ్చారు. మీ అన్న ఇన్నేళ్లుగా ఎదురుచూసిన పని. ముందు షెడ్డులో వాళ్లు అతకడం, వెనక గదిలో నేను గ్రైండింగు పట్టి, నున్నగా రుద్ది, రంగుకి ముందు ప్రైమరు పూత కొట్టడం. జింకు పూత ఉన్న పైపులు అతికిన రోజు సాయంత్రం అందరం గ్లాసెడు పాలు తాగుతాం. ఆ పొగ విషాన్ని పాలు విరిచేస్తాయని ఈ పనివాళ్ల నమ్మకం. నువ్వు నవ్వుతావని తెలుసు. పాలు తాగి ఎవరూ చెడిపోలేదు కదా.

ఒక్క అనుమానం. ఆ గోళీల గొడవ పొగతాగేవాళ్లకని రాశావు. తాగనివాళ్ల మాటేమిటి? మా దగ్గర గ్రైండింగు పట్టే ఆడమనిషి ఉంది. జన్మలో సిగరెట్టు ముట్టలేదు. పొగలో కూర్చుంటుందంతే. అలాంటిది వేసుకుంటే మంచిదేనా? చెడు లేకపోతే చాలు, మంచి లేకపోయినా పర్వాలేదు.

ముక్క తీయించడం గేట్లు అప్పజెప్పాక చూద్దాం. మూడు నెలలన్నది డాక్టరే కదా.

మీ వదిన


ప్రయోగశాల,
మైక్రోస్కోపు గది

వదినా,

రెండు సంగతులు రాయాలి. ఒకటి నా పని గురించి, ఒకటి నీ గురించి. ఏది ముందో తేల్చుకోలేక రెండు కాగితాలు చించేశాను.

మా ల్యాబులో నాతో పనిచేసే పెద్దాయన ఒకరున్నారు. ప్రతిదీ రెండుసార్లు చూసుకుంటారని ఆయనకి "రెండుసార్లు" అనే పేరు. పోయిన వారం ఆయనే పొరపాటు చేశారు. ఒక వరస ఫ్లాస్కులకి ముందు పొగ నలుసులు పోసి, తరవాత యాంటీఆక్సిడెంట్ ఇచ్చారు. మేం ఎప్పుడూ చేసేదానికి సరిగ్గా తలకిందులు. తెలుసుకుని నెత్తి కొట్టుకున్నారు.

"పారబోసేద్దామమ్మా. చెడిన వరస ఎందుకు?"

"ఉండనివ్వండి. జనం గోళీలు మింగేది ఈ వరసలోనే కదండీ. ముందు పొగ, తరవాత మందు."

ఆ మాట అన్నాక ఇద్దరం కాసేపు ఎవరి బల్ల వాళ్లం తుడుచుకున్నాం.

ఫలితం చెప్తాను. ఆ కణాలు కూడా ఎక్కువే బతికాయి. సంతోషించాలి కదా? మైక్రోస్కోపులో చూస్తే సంతోషం కలగలేదు. పొగకి జన్యువులు చితికిపోయిన కణం తనంతట తను చచ్చిపోవాలి. అది ఒంటికున్న క్రమశిక్షణ. ఆ చావుకి కూడా ఆక్సిజన్ రాజేసే ఆ చిన్న మంట కావాలి. మేం దాన్ని ఆర్పేశాం. చావవలసినవి చావలేదు. వంకర తిరిగిన కేంద్రకాలతో అలాగే అంటిపెట్టుకుని ఉన్నాయి. కొన్ని రెండుగా చీలుతున్నాయి కూడా. కాపలా మంచిదే వదినా. కానీ అది ఎవరినైనా కాపాడుతుంది. వీడు మంచివాడా చెడ్డవాడా అని అడగదు.

ఇది ఒక్కసారి, అదీ పొరపాటున వచ్చిన ఫలితం. ఫ్లాస్కులోది, మనిషిలోది కాదు. మళ్లీ చేస్తున్నాం. నీకు ఇప్పుడే రాయవచ్చా అని చాలాసేపు తటపటాయించాను. రెండో సంగతి వల్ల రాస్తున్నాను.

ఆదివారం అన్నయ్య ఫోను చేశాడు. స్కూలు గేట్ల గురించి చెప్తూ, మధ్యలో మెట్లెక్కుతూ, ఎవరినో తిడుతూ, నవ్వుతూ ఎంతసేపో మాట్లాడాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. దగ్గు వెనకనుంచి వినపడింది.

"ఎవరన్నయ్యా అది?"

"మీ వదినే. ప్రైమరు వాసన పడటంలేదు. నువ్వు రేడియోలో చెప్పావుగా, ఆ గోళీలు వేసుకుంటోంది. తగ్గిపోతుందిలే."

నేను మాట మార్చేశాను. ఎత్తవద్దన్నావు కాబట్టి. ఫోను పెట్టేశాక నీ ఉత్తరాలు రెండూ ముందేసుకున్నాను. సిగరెట్టు తాగే మనిషికని నేను జవాబు రాశాను. తాగని మనిషి అది చదివి, ఇది నాకు కాదనుకుని గోళీలు మింగుతూ కూర్చుంది.

ఆ స్కాను ఎవరిది వదినా?

నీ మరదలు


ఇల్లు

అమ్మాయ్,

నాదే.

కోపం వచ్చింది నీ మీద. దగ్గుని కూడా పోల్చి పట్టుకునే ఆడపడుచు ఎవరికుంటుంది? పొయ్యి దగ్గర నిలబడి నిన్ను నాలుగు తిట్టాను. తిట్టాక ఏడ్చాను. ఈ రెండూ ఎవరికీ వినపడకుండా చేయడం నాకిప్పుడు బాగా అలవాటైంది.

ఎందుకు దాచావని అడుగుతావు. ఆలోచించు. ఇంట్లో సిగరెట్లు ఆయనవి. షెడ్డులో పొగ ఆయనది. మచ్చ మాత్రం నాకు వచ్చింది. ఈ మూడింటినీ వరసగా ఆయన ముందు పెట్టడం నావల్ల కాలేదు. పెడితే ఏం చేస్తాడో తెలుసు. షెడ్డు మూసి తాళం చెవి నా చేతిలో పెడతాడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరం కట్టుకున్నది నా ఊపిరితిత్తి పేరు చెప్పి మూతపడటం నాకిష్టం లేదు. మూసేసి ఊరుకుంటాడా? జీవితాంతం నా మొహం చూసినప్పుడల్లా తల దించుకుంటాడు. అలాంటి మొగుడితో నేను వేగలేను. వాగేవాడే నయం.

గోళీలు రెండుతో ఆగలేదు, ఈమధ్య మూడు చేశాను. పొద్దున ఒకటి వేసుకుంటే మధ్యాహ్నం దాకా ధైర్యంగా ఉండేది. మధ్యాహ్నం ఇంకొకటి, రాత్రికి మరొకటి. అది మందు కాదని లోపల తెలుసు. కానీ ఏదో చేస్తున్నానన్నట్టు ఉండేది. నువ్వు ఆపమంటే ఈ క్షణం ఆపేస్తాను. ఆపేశాక ఈ భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా నువ్వే చెప్పు.

నీ పెద్దాయన ఫ్లాస్కుల సంగతి నాకు బాగా అర్థమైంది. తుప్పు గీకకుండా పైన ప్రైమరు కొట్టేవాళ్లుంటారు. గేటు కొత్తగా మెరుస్తుంది. లోపల తుప్పు హాయిగా కాపురం చేసుకుంటుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఆ దొంగకి మూడు పూటలా కాపలా కూడా పెట్టానేమో.

మీ వదిన


ప్రయోగశాల మెట్ల మీద

వదినా,

లోపల రాయలేక బయటికొచ్చి రాస్తున్నాను.

గోళీలు ఆపెయ్. ఇందులో "అనిపిస్తోంది" లేదు. వెళ్లి ఆ ముక్క తీయించుకో. ఏమేం మింగావో, ఎన్ని మింగావో డాక్టరుకి చెప్పు. ఇందులోనూ లేదు.

అన్నయ్యకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. తల దించుకుంటాడన్నావు. దించుకోనీ, కొన్నాళ్లు. నువ్వు ఒక్కదానివే మోస్తున్నావని తరవాతెప్పుడో తెలిస్తే అప్పుడు తల ఎత్తడు.

భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. నాకు రాసి పంపు, కొంత ఇక్కడ ఉంచుతాను. చోటుంది.

నీ మరదలు


ఆస్పత్రి,
తలుపు పక్క మంచం

అమ్మాయ్,

ముందు ఇది చదువు, మిగతాది తరవాత. మచ్చ చెడ్డదే. తీసేశారు. ఊపిరితిత్తి పైభాగం మొత్తం పోయింది. కోసిన చోట అంచులు శుభ్రంగా ఉన్నాయట, పక్కనున్న గ్రంథులకి పాకలేదట. అయినా స్కానులకి వస్తూ ఉండాలన్నారు. ఇవన్నీ నీకు ఫోనులో మీ అన్న చెప్పే ఉంటాడు. కానీ "అంచులు" అన్న దగ్గర ఆయన ఫోను నర్సుకిచ్చేశాడు, నేను చూశాను.

ఆయనకి చెప్పిన సంగతి రాయలేదు కదా. నీ ఉత్తరం అందిన మర్నాడే చెప్పాను. షెడ్డులో, హెల్మెట్ ఎత్తి నీళ్లు తాగుతుంటే.

"నాకు స్కాను తీశారు" అన్నాను.

"ఎప్పుడు?"

"వానలు వెళ్లాక."

"ఎవరు తీసుకెళ్లారు నిన్ను?"

"నా కాళ్లు."

నవ్వలేదు. మొత్తం చెప్పాను. విని, "నువ్వు వెనక గదిలో ఉంటావు కదా" అన్నాడు. మళ్లీ అదే మాట. లేచి, షెడ్డు చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. నీకు గుర్తుందా, పనివాళ్లకి పొగ తగలకూడదని ఏళ్ల కిందట గోడకి పెద్ద ఫ్యాను బిగించాడు, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అది పొగని సందులోకి ఊదుతుంది. నా గది కిటికీ ఆ సందులోకే తెరుచుకుంటుంది. ఇద్దరం రోజూ ఆ సందులోంచే నడిచేవాళ్లం. గాలి ఆడుతోందని ఆ కిటికీ తెరిచేది నేనే. ఒక్కరికీ తట్టలేదు. ఆయన ఆ ఫ్యాను గాలికి అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు, నేను వెళ్లి చెయ్యి తీసేదాకా.

తాళం వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. మర్నాడు అందరినీ వేసుకుని ఫ్యాను ఊడదీసి, పొగ కప్పు మీదుగా పోయేటట్టు గొట్టం పెట్టాడు. గేట్లు వారం ఆలస్యమవుతాయని స్కూలు వాళ్లకి ఫోనులో చెప్తుంటే విన్నాను. "మా ఆవిడ ఒంట్లో బాగోలేదు" అన్నాడు. అంతే, ఇంకొక ముక్క లేదు. ఆయన అంత తక్కువ మాట్లాడటం పెళ్లయ్యాక అదే మొదలు.

ఇక్కడ నాకొక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. మూడు బంతులుంటాయి లోపల. గొట్టంలోంచి గాలి పీలిస్తే పైకి లేవాలి. మొదటిది లేస్తోంది, రెండోది ఆలోచిస్తోంది. మీ అన్న ఎదురుగా కూర్చుని నాకంటే ముందు తను ఊపిరి బిగబడతాడు.

ఇప్పుడు నేను అడగవలసింది అడుగుతాను. మొదటి స్కానుకీ ఆపరేషనుకీ మధ్య మచ్చ పెరిగిందట. ఆ మధ్యలోనే నేను గోళీలు మింగింది. పెంచింది అవేనా? నేనే పెంచానా? డాక్టర్ని అడగలేదు, ఓదారుస్తాడని. మీ అన్నని అడగలేను. నువ్వు ఓదార్చవు. ఉన్నది రాయి.

మీ వదిన


ఇల్లు,
కాలుగాలిన పిల్లిలా తిరిగి వచ్చాక

వదినా,

తెలియదు.

ఈ ఒక్క మాట ఓదార్పుగా రాయలేదు. తప్పించుకోవడానికీ రాయలేదు. పెద్దాయనా నేనూ ఆ తలకిందుల వరసని మళ్లీ మళ్లీ చేశాం. చాలాసార్లు అలాగే వచ్చింది. ఒకసారి రాలేదు. ఎందుకు రాలేదో వెతుకుతున్నాం. ఏ గోళీ మింగకపోయినా మచ్చలు పెరుగుతాయి, నీది ఎలాగూ పెరిగేదేమో. గోళీలు దానికి కొంచెం చేయూతనిచ్చాయేమో. గోళీలు కాక, ఆగిన ఆ రోజులే దానికి సాయపడ్డాయేమో. మూడింటిలో ఏదని నన్నడిగితే, నీ ఒంట్లో తొంగిచూసి చెప్పగలిగే మైక్రోస్కోపు నా దగ్గర లేదు.

మేం ఏ ప్రయోగం చేసినా పక్కన జత ఫ్లాస్కు ఒకటి పెడతాం. అన్నీ అవే, మందు మాత్రం ఉండదు. దానితో పోల్చి చూశాకే ఏదైనా చెప్పగలం. నీ ప్రశ్నకి జవాబు కావాలంటే నీలాంటిదే ఇంకొకతె కావాలి. అదే వెనక గది, అదే కిటికీ, అదే మొగుడు, అదే నోరు. గోళీలు మాత్రం వేసుకోనిది. ఆవిడని ఎక్కడినుంచి తేను? నువ్వు ఒక్కదానివే ఉన్నావు. నీకు జత లేదు.

ఒక్క ఫ్లాస్కే ఉన్నప్పుడు దానితో మేం ప్రయోగం చేయం వదినా. దగ్గర పెట్టుకుని, వెచ్చగా ఉందా లేదా అని చేత్తో తాకి చూసుకుంటాం.

సెలవు పెట్టాను. శుక్రవారం పొద్దునకి నీ మంచం దగ్గరుంటాను.

నీ మరదలు